వయ వందన దరఖాస్తు: అడిగే ప్రశ్నలు, అడగని ప్రశ్నలు

డెబ్బై ఏళ్లు నిండిన పౌరులు ఆసుపత్రిలో చేరి పొందే వైద్యానికి, వారి ఆదాయంతో గానీ ఆస్తితో గానీ నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ప్రభుత్వమే చెల్లించాలని కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 11న నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబరు 29న, ధన్వంతరి జయంతినాడు, ఆ నిర్ణయం ‘ఆయుష్మాన్ వయ వందన కార్డు’ పేరుతో ఆచరణలోకి వచ్చింది. సుమారు నాలుగున్నర కోట్ల కుటుంబాలకు చెందిన ఆరు కోట్ల మంది వృద్ధులు దీని పరిధిలోకి వస్తారని ప్రభుత్వం అప్పట్లో అంచనా వేసింది. అయితే వయసు నిండినంత మాత్రాన కార్డు దానంతటది ఇంటికి రాదు. దానికి దరఖాస్తు చేసుకోవాలి, దరఖాస్తులో అడిగిన వివరాలకు జవాబులు చెప్పాలి. అడిగేవి కొద్దిపాటి వివరాలే కనుక మీసేవ కేంద్రంలోనో, కామన్ సర్వీస్ సెంటర్లోనో, ఆసుపత్రి కౌంటరు దగ్గరో ఆ పని కొన్ని నిమిషాల్లో ముగిసిపోతుంది. ఆ తొందరలో ఏ జవాబు ఏ హక్కుకు ముడిపడి ఉందో తెలుసుకోకుండానే వృద్ధులు వేలు పెట్టి లేచి వస్తుంటారు. వారు ఇంటి దగ్గర ఆలోచించి, బెదిరి వచ్చిన ప్రశ్నలేవో ఆ దరఖాస్తులో అసలే లేవనీ, పట్టించుకోకుండా తల ఊపిన ప్రశ్నలే మంచాన పడిన రోజున ఎదురొస్తాయనీ వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ప్రభుత్వం పేదవాడి వైద్యానికి డబ్బు కట్టాలనుకున్న ప్రతిసారీ ముందుగా ఒక ప్రశ్న వేసింది, ఆ ప్రశ్న కాలక్రమంలో మారుతూ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆ ప్రశ్న ‘తెల్ల రేషన్ కార్డు ఉందా?’ అన్నది. బియ్యం కోసం పుట్టిన కార్డు అలా గుండె ఆపరేషన్‌కు అర్హతాపత్రం అయింది. కార్డు లేని పేదవాడు ఆసుపత్రి గడపలో నిలబడి తహసీల్దారు కార్యాలయం నుంచి కాగితం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ఇంకొక దారి పట్టి, కొత్తగా ఏ ప్రశ్నా వేయకుండా, 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణనలో ఇంటింటికీ వచ్చిన గణకులు రాసుకున్న జవాబులనే అర్హతకు ఆధారంగా తీసుకుంది. మట్టి గోడలూ కచ్చా పైకప్పూ ఉన్న ఒకే ఒక్క గదిలో కాపురం, ఇంట్లో 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు వారు ఎవరూ లేకపోవడం, భూమి లేక కూలి మీదే బతకడం వంటి లేములను ఆ గణన గుర్తించింది. ఏడేళ్ల కిందట గణకునికి చెప్పిన మాట ఒక వైద్య బీమాకు దరఖాస్తుగా మారుతుందని ఆనాడు ఏ ఇంటి యజమానీ ఊహించి ఉండడు. గణన నాడు ఇంట్లో లేనివారు, వలసపోయినవారు జాబితాకు దూరమయ్యారు. తెలుగు రాష్ట్రాలు ఆ తరువాత తమ పథకాలను విశాలం చేశాయి. ఆంధ్రప్రదేశ్ తన ఆరోగ్యశ్రీ పథకానికి వార్షికాదాయ పరిమితిని 5 లక్షల రూపాయలకు పెంచింది. ఆ పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. తెలంగాణ 2023 డిసెంబరు 9న రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఇచ్చే వైద్య ఖర్చు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది.

వయ వందన వరకు వచ్చేసరికి పేదరికాన్ని గురించిన ప్రశ్న పూర్తిగా తొలగిపోయింది. ఎన్ని ఎకరాలున్నాయి, పిల్లలు ఏ ఉద్యోగాలు చేస్తున్నారు, పింఛను ఎంత వస్తుంది అన్న ప్రశ్నలు అందులో లేవు. ఆదాయ ధ్రువపత్రమూ రేషన్ కార్డూ అర్హతకు అవసరం లేదు. కొడుకు అమెరికాలో ఉన్నాడన్న సంగతి బయటపడితే కార్డు రాదేమోనని సంకోచించే తల్లిదండ్రులకు ఆ సంకోచం అక్కర్లేదు. సంపన్నుడికి కూడా ఎందుకివ్వాలి అన్న వాదనకు బలం లేకపోలేదు గానీ, వార్ధక్యంలో ఒక్క ఆపరేషన్ మధ్యతరగతి కుటుంబాన్ని అప్పులపాలు చేసే దేశంలో, లేమిని నిరూపించుకోవాల్సిన అవమానం లేకుండా వైద్యం అందించడమే మేలైన పద్ధతి.

రెండవ భయం జబ్బును గురించినది, ఇది మరీ బలమైనది. ప్రైవేటు ఆరోగ్య బీమా కంపెనీల దరఖాస్తు, అంటే ప్రపోజల్ ఫారం, ముఖ్యంగా జబ్బుల చుట్టూనే తిరుగుతుంది. మధుమేహం ఉందా, రక్తపోటు ఉందా, గతంలో ఆపరేషన్ జరిగిందా అని అది అడుగుతుంది, పాలసీకి ముందే ఉన్న జబ్బులకు కొంతకాలం చెల్లింపు ఉండదని షరతు పెడుతుంది. ఈ నిరీక్షణ కాలం మూడేళ్లకు మించరాదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధన తెచ్చింది. అంతకుముందు అది నాలుగేళ్ల వరకు ఉండేది. ఆ ఫారంలో ఉన్న జబ్బును దాచితే తరువాత క్లెయిము తిరస్కరణకు గురవుతుంది కనుక అక్కడ నిజం చెప్పి తీరాలి, చెబితే ప్రీమియం పెరగవచ్చు లేదా పాలసీయే రాకపోవచ్చు. ఈ అనుభవం వల్ల, బీమా అన్న మాట వినగానే షుగరు, బీపీ దాచుకోవాలన్న ఆలోచన చాలా ఇళ్లలో పాతుకుపోయింది. వయ వందన కూడా భాగమైన ఆయుష్మాన్ భారత్‌లో ఆ అవసరం ఏ కోశానా లేదు. ఇదివరకే ఉన్న జబ్బులకు తొలిరోజు నుంచే రక్షణ వర్తిస్తుంది, నిరీక్షణ కాలం లేదు, కార్డు ఇచ్చే ముందు వైద్య పరీక్ష కూడా లేదు. ఈ ఉదయం కార్డు పొందినవారు మధ్యాహ్నం మోకీలు మార్పిడికో మూత్రపిండాల డయాలిసిస్‌కో ఆసుపత్రికి వెళ్లినా పాత జబ్బు అన్న కారణంతో తిప్పి పంపకూడదు. అందువల్ల దరఖాస్తు నింపే వ్యక్తి ఎవరైనా జబ్బుల పేర్లు అడిగితే అది పథకం అడిగిన ప్రశ్న కాదని గ్రహించాలి. ఆసుపత్రిలో వైద్యుడు అడిగినప్పుడు మాత్రం, అది చికిత్సకు సంబంధించినది కనుక, ఏదీ దాచకుండా చెప్పాలి.

ఇక అడిగే ప్రశ్నలలో మొదటిది వయసు. దీనికి జవాబు నోటితో చెప్పేది కాదు, ఆధార్ చెప్పేది. ఇప్పుడు డెబ్బై దాటుతున్నవారు 1950ల మధ్యకాలంలోనో అంతకుముందో పుట్టినవారు. జనన మరణాల నమోదును దేశమంతటా ఒకే పద్ధతికి తెచ్చిన చట్టం 1969లో గానీ రాలేదు. పంచాంగంలో తిథి రాసి ఉంచిన ఇళ్లు కొన్ని, ఫలానా తుఫాను వచ్చిన ఏడు పుట్టాడని గుర్తుపెట్టుకున్న ఇళ్లు అనేకం. ఆధార్ నమోదు చేసినప్పుడు తేదీ తెలియని వారికి సంవత్సరాన్ని మాత్రమే నమోదు చేశారు. అటువంటి కార్డుల విషయంలో ఆ సంవత్సరపు జనవరి 1వ తేదీనే పుట్టిన తేదీగా పథకం పరిగణిస్తుంది కనుక, సంవత్సరం సరిగా ఉంటే తేదీ లేని కారణంగా ఎవరూ నష్టపోరు. చిక్కు వచ్చేది సంవత్సరమే తప్పుగా పడినప్పుడు. డెబ్బై రెండేళ్ల మనిషి ఆధార్ ప్రకారం అరవై ఎనిమిదేళ్ల వారైతే, కౌంటరులో ఎంత వాదించినా కంప్యూటరు ముందుకు కదలదు. ముందుగా ఆధార్ కేంద్రంలో పుట్టిన తేదీని సవరించుకోవాలి; దానికి బడి ధ్రువపత్రం, పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం వంటి ఆధారం కావాలి. పుట్టిన తేదీని ఆధార్‌లో సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి, మార్చేముందు పింఛను కాగితాలు, పట్టాదారు పుస్తకం, ఓటరు గుర్తింపు కార్డు పక్కపక్కన పెట్టుకుని, అన్నిటికీ సరిపోయే నిజమైన తేదీ ఏదో ఇంట్లోనే తేల్చుకోవడం వివేకం. కార్డు కోసం వయసు పెంచి రాయించుకోవాలన్న సలహా ఎవరిచ్చినా వినకూడదు. అది చట్టరీత్యా తప్పు, పైగా ఆ తేదీ రేపు ఉద్యోగ పింఛనులోనూ వారసత్వ పత్రాలలోనూ పొంతన లేకుండా నిలబడుతుంది.

వయసు తరువాత వచ్చేది గుర్తింపు. దీనిని ఈ–కేవైసీ అంటారు. ఎదుట ఉన్న వ్యక్తి, ఆధార్‌లో ఉన్న వ్యక్తి ఒకరేనని కంప్యూటరు ద్వారా నిర్ధారించుకోవడం దీని అర్థం. ఆధార్‌కు జతచేసిన ఫోనుకు వచ్చే ఓటీపీ, వేలిముద్ర, కనుపాప, ముఖ చిత్రం అనే నాలుగు మార్గాలలో ఏదైనా దీనికి చాలు. ఈ సంగతి గట్టిగా చెప్పుకోదగినది. జీవితమంతా నాట్లు వేసిన చేతులకు, బట్టలు ఉతికిన చేతులకు, రాళ్లు కొట్టిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. యంత్రం ముద్రను గుర్తించకపోతే ‘నీకు కార్డు రాదు’ అని పంపివేయడం అన్యాయం; కనుపాప ద్వారానో ముఖం ద్వారానో ప్రయత్నించమని అడిగే హక్కు ఆ వృద్ధునికి ఉంది. ఫోను నంబరు అడిగినప్పుడు తమదో, తమ దగ్గర ఉండే కొడుకుదో, కోడలిదో, కూతురిదో ఇవ్వాలి తప్ప అక్కడున్న ఇతరుల నంబరు రాయించకూడదు. చికిత్సకు సంబంధించిన సమాచారం ఆ నంబరుకే వస్తుంది. కార్డు మీద ఎవరైనా తప్పుడు చికిత్స రాసుకుంటే దాన్ని తెలుసుకునే మొదటి మార్గం కూడా అదే.

ఈ దరఖాస్తు మొత్తంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇతర ప్రభుత్వ వైద్య పథకాలను గురించినది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల కోసం 1954 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, అంటే సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల కోసం 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్, కేంద్ర సాయుధ పోలీసు బలగాల వారి ఆయుష్మాన్ పథకం వీటిలో ముఖ్యమైనవి. వీటిలో సభ్యులైనవారు తమ పాత పథకంలో కొనసాగడమో, దాన్ని వదులుకుని వయ వందనకు రావడమో ఏదో ఒకటే ఎంచుకోవాలి. దరఖాస్తులోని ప్రకటన మీద టిక్కు పెట్టడమంటే ఆ ఎంపిక చేసినట్టే. ఈ అవకాశాన్ని ఒక్కసారి వాడుకునేదిగానే ఉంచారు కనుక, ‘రెండూ ఉంటే మంచిదే కదా’ అన్న తొందరలో దాన్ని దాటిపోవడం ప్రమాదకరం.

ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే రెండు పథకాల స్వభావంలోని తేడా తెలియాలి. ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకు చెల్లించే పథకం. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందులు దానిలో కలిసి ఉంటాయి. కానీ నెలనెలా డాక్టరును కలవడానికి, రోజూ వేసుకునే షుగరు మాత్రలకు, ఇన్సులిన్‌కు, కంటి చుక్కలకు అది చెల్లించదు. వీటిని బయటి రోగుల సేవలు అంటారు, వ్యవహారంలో ఓపీ అంటే సరిపోతుంది. సీజీహెచ్‌ఎస్‌లో వెల్‌నెస్ సెంటర్ల ద్వారానూ, ఈసీహెచ్‌ఎస్‌లో పాలీక్లినిక్‌ల ద్వారానూ ఈ ఓపీ సేవలూ మందులూ అందుతాయి. హైదరాబాదులో ఉంటున్న ఒక విశ్రాంత కేంద్ర ఉద్యోగి నెలకు వేల రూపాయల మందులు వెల్‌నెస్ సెంటర్లో తెచ్చుకుంటూ ఉంటే, 5 లక్షల రూపాయల అంకెను చూసి ఆ సదుపాయాన్ని వదులుకోవడం చాలా సందర్భాలలో నష్టదాయకమే. అదే వ్యక్తి స్వగ్రామానికి వెళ్లి స్థిరపడి, దగ్గరలో వెల్‌నెస్ సెంటరూ లేక, పాత పథకాన్ని ఏళ్ల తరబడి వాడుకోలేకపోతున్నట్లయితే లెక్క మారవచ్చు. జవాబు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క రకంగా ఉంటుంది గనుకనే దీన్ని కౌంటరు దగ్గర కాక, ఇంట్లో మందుల చీటీలు ముందు పెట్టుకుని నిర్ణయించుకోవాలి. దంపతులు ఇద్దరూ ఒకే పాత పథకం మీద ఆధారపడి ఉంటే, ఒకరి మాట మీద రెండవవారి మందులు ఆగిపోకుండా ఇద్దరూ కలిసి ఆలోచించడం అవసరం.

కార్మిక రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ, ఉన్నవారికీ సొంత డబ్బుతో ప్రైవేటు బీమా కట్టుకుంటున్నవారికీ ఇటువంటి ఎంపిక లేదు. వారు పాతదాన్ని ఉంచుకుంటూనే వయ వందనకు దరఖాస్తు చేయవచ్చు. ప్రభుత్వ కార్డు వచ్చింది కదా అని ఎన్నో ఏళ్లుగా కడుతున్న ప్రైవేటు పాలసీని వెంటనే మానేయడం మంచిది కాదు. డెబ్బై దాటాక కొత్త పాలసీ దొరకడం కష్టం, పాత పాలసీలో పూర్తయిన నిరీక్షణ కాలమంతా వృథా అవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులు తమ ఉద్యోగుల ఆరోగ్య పథకం సంగతిని దాచకుండా చెప్పి, రెండింటి మధ్య సంబంధాన్ని ముందుగానే అడిగి తెలుసుకున్నాకే ప్రకటన మీద టిక్కు పెట్టించుకోవాలి.

కుటుంబ సభ్యుల వివరాల దగ్గర తెలుగు ఇళ్లలో తికమక ఎక్కువ. ఒక తల్లి ఆరు నెలలు పెద్దకొడుకు దగ్గర విజయవాడలో, ఆరు నెలలు చిన్నకొడుకు దగ్గర వరంగల్‌లో వంతులవారీగా ఉంటుంది. ఆమె పేరు మాత్రం ఇంకా ఊళ్లోని రేషన్ కార్డులోనే ఉంటుంది. ఆమె కుటుంబం ఏది? ఈ ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం ఉండటానికి కారణం, 5 లక్షల పరిమితి మనిషికి కాక కుటుంబానికి లెక్కించడం. ఒకే కుటుంబంలో డెబ్బై దాటిన భార్యాభర్తలు ఉంటే ఆ 5 లక్షలను ఇద్దరూ కలిసి వాడుకోవాలి. ఆ కుటుంబం ఆయుష్మాన్ భారత్ కింద అంతకుముందే అర్హత పొంది ఉంటే, ఉన్న 5 లక్షలు ఇంటివారందరికీ అలాగే ఉండగా, వృద్ధుల కోసం మరో 5 లక్షలు అదనంగా చేరతాయి. ఈ అదనపు మొత్తాన్ని డెబ్బై లోపు వారు వాడుకోవడానికి వీలులేదు. మనుమడి ప్రమాద చికిత్స వల్ల ఇంటి మొత్తం ఖర్చయిపోయినా తాతగారి వైద్యం ఆగకూడదన్న శ్రద్ధ ఈ ఏర్పాటులో కనిపిస్తుంది. ఎక్కువ సొమ్ము వస్తుందని భార్యాభర్తలను వేర్వేరు కుటుంబాలుగా చూపించడం తప్పు ప్రకటన అవుతుంది. అది చికిత్స మధ్యలో బయటపడితే పడే ఇబ్బంది చిన్నది కాదు. వృద్ధులు తాము నిజంగా ఏ కుటుంబ పత్రంలో ఉన్నారో ఆ వివరమే చెప్పాలి. కార్డు తీసుకున్న ఊరికీ చికిత్స పొందే ఊరికీ ముడిలేదు. పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోని నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా అది చెల్లుతుంది కనుక, శ్రీకాకుళంలో కార్డు తీసుకున్న తండ్రి అటువంటి మరో రాష్ట్రంలో కూతురి ఇంట ఉండగా జబ్బుపడినా తిరిగి స్వస్థలానికి రానక్కర్లేదు.

సామాజిక వర్గం, పిన్‌కోడు, జిల్లా, గ్రామం వంటి వివరాలు కూడా అడుగుతారు; ఇవి నమోదు కోసమే తప్ప అర్హతను మార్చవు.

ఇదివరకే ఆయుష్మాన్ కార్డు ఉన్నవారికి మళ్లీ దరఖాస్తు ఎందుకన్న సందేహం సహజం. పాత కార్డు కుటుంబ అర్హతకు సంబంధించినది, కొత్తది వృద్ధుల అదనపు మొత్తానికి సంబంధించినది. అందువల్ల వారు కూడా విడిగా దరఖాస్తు చేసి, ఈ–కేవైసీ మళ్లీ పూర్తిచేయాలి. చేయకపోతే అదనపు 5 లక్షలు పేరుకే మిగులుతాయి.

ప్రశ్నలన్నీ ఎంత సరళంగా ఉన్నా, అవి ఏ భాషలో ఎవరి నోట వినిపిస్తున్నాయన్నది ఇంకా పెద్ద విషయం. తెర మీద ఇంగ్లీషులో వచ్చే సమ్మతి వాక్యాలను ఆపరేటరు చదవకుండా టిక్కులు పెట్టి, ‘ఇక్కడ వేలు పెట్టు పెద్దాయనా’ అనడం అలవాటైపోతే, ఆ సమ్మతి వృద్ధునిది కాకుండా పోతుంది. ఆధార్ సమాచారాన్ని పథకం కోసం వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని ఒక వాక్యం, ఇతర ప్రభుత్వ పథకాన్ని గురించి ఫలానా ప్రకటన చేస్తున్నానని మరొక వాక్యం అందులో ఉంటాయి. ఈ రెండింటినీ తెలుగులో బిగ్గరగా చదివి వినిపించి, అర్థమైందని ఆ మనిషి చెప్పాకే ముందుకు కదలడం ప్రతి కేంద్రం బాధ్యత. నమోదు ఉచితమే గనుక, డబ్బు అడిగితే ఎందుకని ప్రశ్నించడం కూడా న్యాయమే. చదువుకున్న మనుమలూ మనుమరాళ్లూ సొంత ఫోనులోని ఆయుష్మాన్ యాప్‌లో దరఖాస్తు నింపేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. పెద్దల పక్షాన తామే జవాబులు ఊహించి నింపేయకుండా, ఒక్కొక్కటి చదివి, వారి జవాబు వచ్చేవరకు ఆగాలి. వినికిడి తగ్గిన అమ్మమ్మకు రెండుసార్లు చెప్పాల్సి వస్తే రెండుసార్లు చెప్పాలి.

దరఖాస్తు ఆమోదం పొందాక కార్డును డౌన్‌లోడు చేసి ముద్రించుకుని, పేరు, పుట్టిన సంవత్సరం ఆధార్‌తో సరిపోయాయో లేదో అప్పుడే చూసుకోవాలి. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర మళ్లీ ఆధార్ ద్వారానే రోగిని గుర్తిస్తారు కనుక తేడా ఉంటే అక్కడ బయటపడేలోపే సరిదిద్దించుకోవచ్చు. ఏ ఆసుపత్రి పథకంలో ఉందో, ఏ చికిత్స వర్తిస్తుందో, పాత పథకంతో ఎంపిక ఎలా చేసుకోవాలో తెలియనివారు 14555 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. చికిత్సకు డబ్బు కట్టమన్నా, కార్డు ఉండి చేర్చుకోకపోయినా ఫిర్యాదు చేయవలసినది కూడా ఆ నంబరుకే.